గురుగ్రహపు ఐదవ చంద్రుడు: బార్నార్డు జీవితము

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన శుభసమయమున వెలువడుచున్న యీ సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రాజుల చరిత్రములును, భక్తుల చరిత్రములును మన బీరువాలలో కొల్లలుగా కలవు. వానిని నాకంటె చక్కగా వ్రాసిన పండితులు పెక్కురు. కావున నేను వేరొక పురుషుని ఎన్నుకొంటిని. ఆయన బడికి పోయినది రెండు మాసములు మాత్రమే. ఆయనకు ఖగోళశాస్త్రపు ద్వారమును తెరచినది ఒకడు చేబదులునకు కుదువగా పెట్టి పోయిన పుస్తకము. అట్టివాడు తుదకు గురుగ్రహమునకు ఐదవ చంద్రుని కనుగొనెను. ఆకాశమును ఛాయాచిత్రములందు పట్టువిద్యలో ఆచార్యుడయ్యెను. ఆయన పేరు ఎడ్వర్డ్ ఎమర్సన్ బార్నార్డు.

బార్నార్డు 1857వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన అమెరికా దేశమున టెన్నెస్సీ రాష్ట్రమునందలి నాష్‌విల్లు పట్టణమున జన్మించెను. శిశువు పుట్టక మునుపే తండ్రి కాలధర్మము నొందెను. తల్లి ఇద్దరు కుమారులను రెక్కల కష్టముతో పెంచెను. మైనముతో పూవులు చేసి అమ్ముట ఆమెకు జీవనాధారము. 1861 మొదలు 1865 వరకు ఆ దేశమున ఉత్తర దక్షిణ రాష్ట్రములకు ఘోరమైన అంతర్యుద్ధము జరిగెను. నాష్‌విల్లు సైన్యముల వశమయ్యెను. పేదల యిండ్లలో పొయ్యి రాజుట గగనమైన ఆ దినములలో బార్నార్డు బాల్యము గడచెను. తన బాల్యము ఎంత దుఃఖభరితమో తలచుకొనుటకు సయితము ఆయన పెద్దవాడైన పిదప జంకెడివాడట. అక్షరములు నేర్పినది తల్లియే.

తొమ్మిదవ యేడు నిండకమునుపే తల్లి యా బాలుని ఒక ఛాయాచిత్రశాలలో కూలికి చేర్చెను. ఆ కాలమున విద్యుద్దీపములు లేవు. చిన్న చిత్రమును పెద్దదిగా ముద్రింపవలెనన్న సూర్యుని వెలుతురే శరణము. అందులకై ఆ శాల యజమాని మేడపై ఒక పెద్ద యంత్రమును నిలిపియుంచెను. సూర్యుడు తూర్పునుండి పడమరకు కదలుచుండును గదా! ఆ కదలికను వెన్నంటి యంత్రపు ముఖమును క్షణక్షణమును త్రిప్పుచుండవలెను. రెండు చక్రములను చేతితో మెల్లమెల్లగా త్రిప్పుటయే బాలుని పని. ఏమరినచో వెలుగు తొలగిపోయి పని చెడును. మునుపు ఆ పనికి కుదిరిన పిల్లలు ఎండకు సొక్కి నిద్రపోయెడివారు. ఈ బాలుడు నిద్రపోలేదు. వేసవియనక శీతకాలమనక మేడపై నిలిచి సూర్యుని వెంట యంత్రమును నడపెను. ఆ యంత్రమునకు యజమాని పెట్టిన పేరు జూపిటరు, అనగా బృహస్పతి. బార్నార్డు కీర్తికి కారణమైన గ్రహము పేరును అదియే.

ఆ పనియందుండగనే బాలుడు ఒక వింత గమనించెను. ఊరి గంట పండ్రెండు కొట్టునప్పుడు సూర్యుడు కొన్ని దినములలో నడినెత్తి రేఖకు ముందును, కొన్ని దినములలో వెనుకను ఉండెడివాడు. గడియారపు మధ్యాహ్నమునకును సూర్యుని మధ్యాహ్నమునకును సంవత్సరములో కొన్ని వేళల పావుగంటకు పైగా భేదము వచ్చునని పంచాంగకర్తలెరుగుదురు. ఆ బాలునకు చెప్పినవారెవరును లేరు. తన కన్నులతో చూచి తానే యెరిగెను.

రాత్రులందు పని ముగించి యింటికి నడచిపోవుచు అతడు నక్షత్రములను చూచెడివాడు. వేసవి రాత్రులలో పెరటియందున్న పాతబండి తొట్టిలో వెల్లకిల పరుండి ఆకాశమును చూచుట అతని వాడుక. నడినెత్తిన వెలుగు తెల్లని చుక్క యొకటి అతనికి చిరపరిచితము. దారిలో కనబడు మరియొక చుక్క తక్కిన చుక్కల నడుమ దినదినమును కొంచెము కొంచెముగా తావు మార్చుచుండుటను గూడ అతడు కనిపెట్టెను. అది శనిగ్రహమని తెలియుటకు ఏండ్లు పట్టెను. చుక్కలన్నియు తెలిసినవే, వాని పేర్లలో ఒక్కటియు తెలియదు. అడిగి తెలిసికొనుటకు మనిషి లేడు. చూచుకొనుటకు పుస్తకము లేదు.

1876 ప్రాంతమున, అతనికి పందొమ్మిదేండ్ల వయస్సున, ఆ లోటు తీరెను. పరిచయస్థుడొకడు కొలది సొమ్ము చేబదులు కావలెనని వచ్చి, హామీగా ఒక పుస్తకము నుంచిపోయెను. ఆ సొమ్ము తిరిగి రాదని బార్నార్డునకు తెలియును. కష్టార్జితము పోయినదను చింతతో అతడు ఆ పుస్తకమును కొన్నిదినములు తెరవనేలేదు. తెరచి చూడగా అది థామస్ డిక్ అను గ్రంథకర్త వ్రాసిన ఖగోళశాస్త్రము. అందు నక్షత్రపటము లుండెను. అతడు వెంటనే కిటికీ కడకు పోయి పటమును, ఆకాశమును సరిచూచుకొనెను. తన బాల్యమిత్రమైన తెల్లని చుక్కకు వేగ యని పేరు గలదు. మనవారు దానినే అభిజిత్తందురు. దానికి దాపున నున్న ఆల్టెయిరు మన శ్రవణము. గంటసేపటిలో అతడు చిన్ననాటి నేస్తముల పేర్లన్నియు తెలిసికొనెను. ఆ సొమ్ము ఎన్నడును తిరిగి రాలేదు. లెక్కల పుస్తకములో అది రాని బాకీ. కాని అంతకన్న లాభమైన బేరము అతని జీవితములో వేరొకటి లేదు.

పేర్లు తెలిసిన పిమ్మట దగ్గరగా చూడవలెనను కోరిక పుట్టెను. చిత్రశాలలో తోడి పనివాడొకడు కాగితపు గొట్టమున చిన్న కటకము నమర్చి దూరదర్శినివంటి దానిని చేసి యిచ్చెను. దానితో చంద్రునిపై కొండలును గుంటలును కనబడెను. గురుగ్రహపు చంద్రులలో ఒకటి లీలగా తోచెను. ఆ రేణువంత వెలుగును చూచినప్పుడు అతని మనస్సు ఉప్పొంగెను. 1877లో అతడు ఐదంగుళముల కటకము గల నిజమైన దూరదర్శినిని కొనెను. వెల 380 డాలర్లు. అది అతని సంవత్సరపు జీతములో రమారమి మూడింట రెండు పాళ్లు. తల్లిని పోషించు కూలివాడు అంత సొమ్ము గాజుపలకకు పెట్టుట పిచ్చియని ఇరుగుపొరుగువారు తలచియుందురు.

ఆ సంవత్సరముననే అమెరికా దేశపు శాస్త్రజ్ఞుల మహాసభ నాష్‌విల్లులో జరిగెను. సైమన్ న్యూకంబు అను సుప్రసిద్ధ ఖగోళవేత్త ఆ సభకు విచ్చేసెను. బార్నార్డు భయభక్తులతో ఆయనను దర్శించి, దూరదర్శినితో తాను చేయదగిన సేవ యేమని అడిగెను. గణితము రానివాడు ఖగోళశాస్త్రమున కొరగాడనియు, కావలెనన్న తోకచుక్కలను వెదకవచ్చుననియు ఆ పెద్దమనిషి చెప్పెను. యువకుడు చాటునకు పోయి కన్నీరు కార్చెను. ఆ మాట కఠినమే. కాని అసత్యము కాదు. బార్నార్డు కోపగించుకొని వేధను మానలేదు, పొగడ్త దొరకలేదని క్రుంగలేదు. చిన్న జీతములోనే మిగుల్చుకొని ఒక గురువును కుదుర్చుకొని గణితము మొదటినుండి నేర్వ నారంభించెను. రాత్రులందు తోకచుక్కలను వెదకెను. ఆ పెద్దమనిషి చెప్పిన రెండు మాటలను రెంటినిగూడ అతడు పాటించెను.

1881 జనవరిలో అతడు చిత్రశాలలో పనిచేయు ఆంగ్లేయ సోదరుల తోబుట్టువగు రోడా కాల్వర్టును వివాహమాడెను. ఆ యేట సెప్టెంబరులో క్రొత్త తోకచుక్క నొకదానిని కనుగొనెను. ఆ దినములలో మందుల వర్తకుడైన వార్నరు అను ధనికుడు అమెరికాలో ఎవరు క్రొత్త తోకచుక్కను కనుగొన్నను 200 డాలర్లు బహుమాన మిచ్చుచుండెను. బార్నార్డు దంపతులు ఆ సొమ్ముతో చిన్న యిల్లు మొదలిడిరి. ప్రోనోటు గడువు వచ్చినప్పుడెల్ల ఏదో యొక తోకచుక్క కనబడి బాకీ తీర్చెనని చెప్పుకొనెడివారు. ఊరివారు ఆ యింటిని తోకచుక్కల యిల్లు అని పిలిచిరి. ఆయన తన జీవితములో కనుగొన్న తోకచుక్కలు పదునారు.

ఈ కీర్తి విని 1883లో అచ్చటి వాండర్‌బిల్టు విశ్వవిద్యాలయమువారు ఆయనకు ఉపకారవేతన మిచ్చి తమ వేధశాలను అప్పగించిరి. ఇరువదియైదేండ్ల వివాహితుడు, బడికి రెండు మాసములే పోయినవాడు, పిల్లల సరసన కూర్చుండి గణితమును, భాషలను చదివెను. పగలు చదువు, రాత్రి వేధ. పదునేడేండ్లు చేసిన ఛాయాచిత్రశాల పనికి అంతటితో సెలవు.

1888లో కాలిఫోర్నియా రాష్ట్రమున హామిల్టను కొండపై లిక్ వేధశాల పని ప్రారంభించెను. అందలి దూరదర్శిని కటకము ముప్పదియారు అంగుళములు. నాటికి లోకములో అదియే పెద్దది. బార్నార్డునకు అక్కడ ఉద్యోగము దొరకెను గాని, పెద్ద దూరదర్శినిని తాకుటకు వీలు లేకపోయెను. అధ్యక్షుడు దానిని తనకును, మరి కొందరకును మాత్రమే కేటాయించుకొనెను. బార్నార్డు చిన్న పరికరములతోనే తృప్తిపడక, పదేపదే అర్జీ పెట్టుకొనెను. నాలుగేండ్లు గడచిన పిమ్మట 1892 వేసవిలో వారమునకొక రాత్రి, శుక్రవారము, ఆయన వంతునకు వచ్చెను.

ఇచ్చట గురుగ్రహపు సంగతి కొంత చెప్పవలెను. 1610వ సంవత్సరము జనవరిలో గెలీలియో తన చిన్న దూరదర్శినితో గురుగ్రహము చుట్టు తిరుగు నాలుగు ఉపగ్రహములను చూచెను. అప్పటినుండి 282 ఏండ్లు ఎందరో పండితులు ఎన్నో దూరదర్శినులతో చూచినను ఐదవది కనబడలేదు. ఉన్నవి నాలుగేయని పాఠ్యగ్రంథములు నిశ్చయించెను. ఐదవది లేకపోలేదు, అది చిన్నది, గ్రహమునకు మిక్కిలి చేరువనుండునది. గ్రహపు కాంతిలో అది మునిగిపోవును. నడివీధి పెట్రోమాక్సు దీపము ప్రక్క మిణుగురును వెదకుట ఎట్టిదో దీనిని వెదకుటయు నట్టిదే.

1892 సెప్టెంబరు 9వ తేదీ శుక్రవారము రాత్రి బార్నార్డు గురుగ్రహమును కంటిచూపునకు వెలుపల నుండునట్లు దూరదర్శినిని ప్రక్కకు జరిపి, దాని యంచు చుట్టునున్న చీకటిని పరిశీలించెను. అందు అతి సూక్ష్మమైన వెలుగుచుక్క యొకటి కనబడెను. నక్షత్రమైనచో గ్రహముతోడ కదలదు. ఆయన వెంటనే కొలమానపు తీగలతో దాని దూరమును కొలిచెను. అది గ్రహముతోపాటు కదలుచుండెను. కొంతసేపటికి గ్రహకాంతిలో మరుగయ్యెను. మరునాటి రాత్రి ఆయన వంతు కాదు. ఆ రాత్రికి హక్కుదారుడైన షేబర్లె అను సహోద్యోగి తన వంతును ఉదారముగా విడిచిపెట్టెను. చుక్క మరల కనబడెను. సందేహము తీరినపిదపనే వార్త లోకమునకు తెలుపబడెను. ఆ చంద్రుడు గురుగ్రహమును 11 గంటల 57 నిమిషములలో ఒకమారు చుట్టివచ్చును. పొడవు సుమారు 250 కిలోమీటర్లు. బాల్యమున జూపిటరును పాలుపోసి పెంచినదని గ్రీకు రోమను పురాణములు చెప్పు అమాల్థియా పేరును దానికి ఫ్లామరియను అను ఫ్రెంచి పండితుడు సూచించెను. 1975లో అది అధికారికమయ్యెను.

కేవలము కంటిచూపుతో దూరదర్శినిలో చూచి కనుగొనబడిన గ్రహచంద్రులలో కడపటిది ఇదియే. తరువాతి కాలమున ఆ పని ఛాయాచిత్రపు గాజుపలకలకు సంక్రమించెను. 1898లో పెరూ దేశమున తీసిన పలకలపై శనిగ్రహపు ఫీబీ యను చంద్రుడు పికరింగునకు 1899లో కనబడెను. 1904లో పెర్రైను లిక్ కొండపైననే గురుగ్రహపు ఆరవ చంద్రుని పలకపై పట్టెను. కన్ను ఒక క్షణమున చూడగలిగినదానినే చూచును. ఎంతసేపు చూచినను వెలుగు కూడదు. పలక అట్లు కాదు. గంటలకొలది తెరచియుంచినచో చినుకుచినుకుగా కుండ నిండినట్లు దానిపై వెలుగు కూడుకొనును. కంటికి కనరానిది పలకపై రూపు కట్టును.

విచిత్రమేమనగా, కంటివేధకు కడపటి విజయము తెచ్చినవాడే పలకల యుగమును నెలకొల్పినవారిలో ఒకడు. లిక్ కొండపై ఒక పాత కటకముండెను. అది మనుష్యుల ముఖచిత్రములు తీయుటకై చేయబడినది, వెడల్పు ఆరంగుళములు. చిత్రశాలలో పెరిగిన బార్నార్డునకు దాని విలువ తెలియును. 1889 మొదలు ఆయన దానితో పాలవెల్లిని చిత్రించెను. ఒక్కొక్క పలకను మూడు గంటలు, కొన్నిమార్లు అంతకు మించియు, తెరచియుంచెడివాడు. భూమి తిరుగుచుండుటచే నక్షత్రములు కదలుచుండును. గడియారపు యంత్రము దూరదర్శినిని త్రిప్పుచున్నను అది లోపరహితము కాదు. కావున ఆయన మార్గదర్శకమైన ఒక చుక్కను తీగలకూడలిలో నిలిపి, రెప్పవేయక చూచుచు, చుక్క వెంట్రుకవాసి తొలగినను చేతితో సరిచేయుచుండెను. నాష్‌విల్లు మేడపై సూర్యుని వెంట చక్రములు త్రిప్పిన కూలిపిల్లవాని విద్య ఇదియే కదా! ఆ చేయి మారలేదు. ఆ ఏమరుపాటు లేమియు మారలేదు. 1892 అక్టోబరు 12న ఆయన పలకపై క్రొత్త తోకచుక్క యొకటి కనబడెను. గ్రహణసమయమున గాక, మామూలు రాత్రియందు ఛాయాచిత్రముచే కనుగొనబడిన మొదటి తోకచుక్క అదియే.

1895లో ఆయన చికాగో విశ్వవిద్యాలయమువారి యెర్క్స్ వేధశాలకు ఆచార్యుడుగా పోయెను. 1897లో లండను నగరపు రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీవారు స్వర్ణపతక మిచ్చి గౌరవించిరి. విస్కాన్సిను శీతకాలము ఎముకలు కొరుకునది. వేధశాల గుమ్మటములో కుంపటి పెట్టరాదు. వేడిగాలిచే చిత్రము చెదరును. ఆయన మంచురాత్రులందును చీకటిపడినది మొదలు తెల్లవారువరకు దూరదర్శిని కడ నిలిచెడివాడు. పాలవెల్లియందు నల్లని మచ్చలు ఆయన పలకలపై స్పష్టముగా తోచెను. చుక్కలు లేని ఖాళీలని మొదట అందరివలెనే ఆయనయు తలచెను. ఏండ్ల తరబడి చూడగా చూడగా అవి వెనుకనున్న చుక్కలను కప్పుచున్న పదార్థమని నమ్మెను. 1919లో అట్టివి 182 గల పట్టికను ప్రకటించెను. నేడు శాస్త్రజ్ఞులు ఆ నల్లమబ్బులనుండియే క్రొత్త నక్షత్రములు పుట్టుచున్నవని చెప్పుచున్నారు.

1916లో ఆయన 1894 నాటి పలకను క్రొత్త పలకతో పోల్చిచూచి, మిక్కిలి వేగముగా జరుగుచున్న చుక్కనొకదానిని పట్టుకొనెను. తావు మార్చుటలో దానిని మించిన నక్షత్రము నేటికిని తెలియదు. అయినను చంద్రబింబపు వెడల్పంత దూరము జరుగుటకు దానికి సుమారు 180 ఏండ్లు పట్టును. దానిని బార్నార్డు నక్షత్రమనియే పిలుచుచున్నారు.

పాలవెల్లి చిత్రములతో ఒక మహాగ్రంథము ప్రకటింపవలెనని ఆయన తలపెట్టెను. అచ్చు చిత్రములలో సూక్ష్మములు చెడునని, ఏడువందల ప్రతులకును నిజమైన ఛాయాచిత్రములనే అతికింప నిశ్చయించి, ముప్పదియైదువేలకు పైబడిన చిత్రములను తానే ఒక్కొక్కటిగా పరీక్షించెను. పుస్తకము పూర్తియగుట చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. 1921లో భార్య గతించెను. 1923 ఫిబ్రవరి 6న ఆయనయు పరమపదించెను. భార్య మేనకోడలును, ఆయనకు సహాయకురాలును అగు మేరీ కాల్వర్టు, వేధశాలాధ్యక్షుడు ఫ్రాస్టు కలిసి మిగిలినపని ముగించి 1927లో ఆ గ్రంథమును వెలువరించిరి. పుస్తకముచే మేల్కొన్నవాడు లోకమునకు పుస్తకమునే అప్పగించిపోయెను.

నేడు గురుగ్రహపు చంద్రులు తొంబదికి పైగా లెక్కకు వచ్చిరి. 1979లో వాయేజరు నౌకలు ఐదవ చంద్రుని దాపునుండి చిత్రించి పంపెను. అది ఎర్రని, వంకరటింకర బండరాయి. పెరటిలో చిన్న దూరదర్శిని నుంచుకొని గ్రహచంద్రులను చిత్రించువారు దేశదేశములందును కలరు. వారికి ఎదురగు చిక్కు బార్నార్డు ఎరిగినదే. గ్రహపు చారలు కనబడునట్లు వెలుగును క్షణకాలమే తీసికొన్నచో చంద్రులు కానరావు. చంద్రులకొరకు ఎక్కువసేపు తీసికొన్నచో గ్రహము తెల్లని ముద్దయగును. కావున వారు రెండు విధములను తీసి జతపరతురు. వరుసగా కొన్ని రాత్రులు తీసిన చిత్రములను ప్రక్కప్రక్కన నుంచినచో, నాలుగు పెద్ద చంద్రులు స్థానములు మార్చుకొనుట పిల్లలకును విశదమగును. లోపలి అయో సుమారు 42 గంటలలో చుట్టివచ్చును. వెలుపలి కాలిస్టోకు రమారమి 17 దినములు పట్టును. సొమ్ము లేనివారు జోడుగొట్టముల దుర్భిణిని గోడకు ఆనించి కదలకుండ పట్టుకొన్నను ఆ నాలుగింటిని చూడవచ్చును.

చదువరులారా! బార్నార్డునకు బుద్ధినిచ్చినది ఆ పుస్తకమని నేననను. ఓపిక, చూపు, కూలిపనియందు సయితము ఏమరని మనస్సు అతనికి ముందే కలవు. అవి యుండియు, ఆ చేబదులు అడుగువాడు రాకున్నచో, అతడు చుక్కల పేరెరుగకయే ముసలివాడై యుండును. ఆ పుస్తకము అతని కడకు కేవలము దైవికముగా వచ్చెను. అట్టివి దైవమునకు విడిచిపెట్టరాదనియే ఊరూర గ్రంథాలయములు వెలసినవి. మన ఊర పగలెల్ల కూలిచేసి, రాత్రి అరుగుపై పరుండి, పేరెరుగని చుక్కను చూచుచున్న పిల్లవాడెవడో ఉండకపోడు. వాడు చందాదారుడు కాకపోవచ్చును. వానికొరకు మన తలుపు తెరచియుండవలెను. వాని చేతికందు ఎత్తున పుస్తకముండవలెను. రాబోవు ఇరువదియైదేండ్లకు ఇంతకన్న మనకు వేరు పని లేదు.